ఒత్తులు ఊడిపోయిన బాటిళ్లు

మా ఇంట్లో పాత స్టీలు గ్లాసుల మీద అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. సామాన్లు కొన్న కొట్లోనే, చేతిమిషన్‌తో జుయ్‌మంటూ కొట్టిచ్చేవాళ్లు. ముందు ఓ కాగితం ముక్క ఇచ్చి "పేరు రాయండమ్మా" అనేవాళ్లు. ఆ కాగితం దేనికో పోయిన నెలదాకా నేను ఆలోచించలేదు.

పెద్దమ్మ గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్ట్‌గా నీళ్ల బాటిళ్లు ఇద్దామని ఒక వెబ్‌సైట్‌లో 40 ఆర్డర్ పెట్టాను. రంగు మనమే ఎంచుకోవచ్చు, పేరు టైప్ చేస్తే బాటిల్ మీద అక్కడికక్కడే కనిపిస్తుంది, మౌస్‌తో గుండ్రంగా తిప్పి చూసుకోవచ్చు. వీడియో కాల్‌లో పెద్దమ్మకు తిప్పి తిప్పి చూపిస్తే మురిసిపోయింది. తీరా పెట్టె విప్పితే "లక్ష్మీ నిలయం" కాస్తా "లక్‌ష్‌మీ నిలయం" అయి కూర్చుంది. 40కి 40. పైన ఉన్న పౌడర్ కోటింగ్‌ని లేజర్‌తో లేపేసి కింది స్టీలు కనపడేలా చేస్తారు కాబట్టి తుడిచేదీ లేదు, దిద్దేదీ లేదు. ఫోన్ చేస్తే "డిజైన్ మీరే అప్రూవ్ చేశారు కదండీ, పేరు వేసినవి వాపసు తీసుకోం" అన్నారు.

నేను అప్రూవ్ చేసిన బొమ్మ వేరు, మిషన్‌కి వెళ్లిన ఫైల్ వేరు! నాదీ వెబ్‌సైట్లు చేసే ఉద్యోగమే కాబట్టి ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో "క్ష్మీ" ఒక్క అక్షరం కాదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం అని వరసగా ఆరు ముక్కలు. వాటిని కలిపి ఒత్తులు కిందికి దించే పని బ్రౌజర్ మనకు తెలియకుండానే చేసిపెడుతుంది. లేజర్‌కి ఫైల్ తయారుచేసే, సైటు వాళ్ల సర్వర్‌లో (అంటే వాళ్ల కంప్యూటర్‌లో) నడిచే ప్రోగ్రామ్‌కి ఆ విద్య రాకపోతే ముక్కల్ని అలాగే పేర్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అక్షరం పక్కన అక్షరం పెడితే చాలు, అందుకే టెస్టింగ్‌లో ఇది ఎవరి కంటా పడదు.

అసలు అనుమానం నాకే రావాల్సింది. ఫాంట్ల జాబితాలో ఏది నొక్కినా తెలుగు మాత్రం మారలేదు. అంటే వాటిలో తెలుగే లేదు, బ్రౌజర్ నా కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంట్ తెచ్చి చూపిస్తోంది. అది వాళ్ల సర్వర్‌లో కూడా ఉండాలని ఏముంది?

దీనికి మందు కొత్తదేం కాదు. శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లు కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ ప్రెస్‌కి పంపే ముందు అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చేస్తారు. ఇక అవి గీతలే, అవతల ఫాంట్ ఉన్నా లేకపోయినా ఒకటే. సైటు కూడా ఆ గీతల్నే కస్టమర్‌కి చూపించి, అవే మిషన్‌కి పంపితే గొడవే ఉండదు. బాటిల్ గిర్రున తిప్పడం మీద పెట్టిన శ్రద్ధలో కాస్త ఇక్కడ పెట్టొచ్చు.

చివరికి పెద్దమ్మ స్టీలు డబ్బాలు పంచింది, పేరు కొట్లోనే కొట్టించి. కాగితం మీద నేనే రాసిచ్చాను. బాటిళ్లు మా అటక మీదున్నాయి, ఒకటి ఆఫీసుకి తీసుకెళ్తున్నా. నీళ్లు మాత్రం సాయంత్రం దాకా చల్లగానే ఉంటున్నాయి.