మెండెల్సన్ డి మైనర్ పియానో ట్రయో: సాధన ఎక్కడిదాకా వచ్చింది

ఓపస్ (రచన సంఖ్య) 49. ట్రయో అంటే మూడు వాద్యాల రచన: పియానో, వయొలిన్, చెల్లో. నాలుగు భాగాలూ కలిపి అరగంటకి కాస్త తక్కువ. మొదటి మూడు భాగాలు ఆపకుండా వాయించే స్థితికి వచ్చాయి. నాలుగోది ముక్కలు ముక్కలుగా బాగానే ఉంది, మొత్తంగా ఇంకా నిలబడలేదు. ఈ ట్రయో మొదలుపెట్టబోయేవాళ్లకి పనికొస్తాయని ఇప్పటిదాకా కుదిరినవీ కుదరనివీ ఇక్కడ రాస్తున్నాం.

జర్మన్ స్వరకర్త మెండెల్సన్ దీన్ని 1839లో రాశారు. మొదట రాసిన పియానో భాగం చూసి మిత్రుడు ఫెర్డినాండ్ హిల్లర్ అది కాస్త పాతకాలపు ధోరణిలో ఉందన్నారు. మెండెల్సన్ ఆ మాట మన్నించి పియానో భాగాన్ని చాలావరకు తిరగరాశారు. ఇప్పుడు మనం వాయించేది ఆ తిరగరాసిన రూపమే. పియానిస్టుకి చేతులు ఖాళీ లేకపోవడానికి కారణం అదే. కచేరీలో వయొలిన్, మృదంగం ప్రధాన గాయకుణ్ణి అనుసరించినట్టు ఇక్కడ ఒకరి వెనక ఇద్దరు నడిస్తే కుదరదు. నాయకత్వం కొన్ని బార్లకోసారి (బార్ అంటే తాళపు ఆవర్తం లాంటిది) చేతులు మారుతుంది.

గది, కుర్చీలు, శ్రుతి

వయొలిన్ పియానో వంపు దగ్గర, చెల్లో దానికి కొంచెం ముందుకి. చెల్లో ముందుపలక వినేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. పియానిస్టు తల తిప్పకుండా, కళ్లు మాత్రమే ఎత్తి వయొలిన్ బో (కమాను) చూడగలగాలి. అది కుదరకపోతే మిగతాదేదీ సర్దకుండా ముందు కుర్చీలే జరపండి.

మన ఇళ్లలో గచ్చు నున్నగా ఉంటుంది: టైల్స్ లేదా గ్రానైట్. చెల్లో ఎండ్‌పిన్ (నేలకి ఆనే మొన) జారుతుంది. రబ్బరు బిళ్లలు మొదట పట్టినా దుమ్ము పట్టాక జారతాయి. కుర్చీ ముందు కాలికి ఒక నవారు పట్టీ కట్టి, దాని రెండో కొసన ఉన్న రింగులో ఎండ్‌పిన్ మొన పెడితే ఎక్కడికీ కదలదు. ఫోర్టిసిమోలో (చాలా బిగ్గరగా వాయించేచోట) చెల్లో జారుతుందేమోనన్న భయం ఉంటే కుడిచేతి బరువు బో మీదికి దిగదు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

శ్రుతి సంగతి వివరంగా చెప్పాలి. పియానోలో షడ్జమం నుంచి పంచమానికి దూరం 700 సెంట్లు. తీగలవాళ్లు చెవితో కలిపే స్వచ్ఛమైన దూరం 702. సెంటంటే ఒక సెమీటోన్‌లో (పియానో మీద పక్కపక్క కీల మధ్య దూరంలో) వందో వంతు. తేడా రెండే కదా అనిపిస్తుంది. కానీ చెల్లో పియానో నుంచి ఏ (A) స్వరం తీసుకుని డి, జి, సి తీగల్ని ఒకదాని నుంచి ఒకటి స్వచ్ఛంగా కలుపుకుంటూ దిగితే, సి తీగకి చేరేసరికి పియానో సి కంటే ఆరు సెంట్లు కిందికి పోతుంది. పియానో ఎడమచేతి బాస్‌తో చెల్లో కలిసి వాయించినప్పుడు ఆ ఆరు సెంట్లూ బాగా వినిపిస్తాయి. పరిష్కారం: పియానో నుంచి ఏ స్వరం ఒక్కటే కాదు, డి మైనర్ కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మొత్తం తీసుకోవాలి. కింది తీగల పంచమాలు పిసరంత ఇరుకుగా ఉంచాలి. చివర్లో చెల్లో సి, వయొలిన్ జి రెంటినీ పియానో కీలతో విడిగా సరిచూడాలి. తీగ వాద్యాలు రెండూ ఒకదానితో ఒకటి బాగుంటే చాలదు, మూడోది కదిలే వాద్యం కాదు.

వానాకాలంలో పియానో సౌండ్‌బోర్డు తేమకి ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, ఏసీ గదిలో ఎండి కిందికి జారుతుంది. అన్ని స్వరాలూ ఒకే కొలతలో మారవు, మధ్యస్థాయి ఎక్కువ కదులుతుంది. ప్రదర్శన ఉంటే ట్యూనింగ్ అంతకుముందు రోజు చేయించి, ఆ రాత్రి గది వాతావరణం మార్చకుండా ఉంచడం మేలు.

అసలు సమస్య: పియానో బరువు

మిగతా ఇబ్బందులు చాలావరకు దీన్నుంచి పుట్టినవే. బాస్ తీగల్ని మిగతావాటి మీదుగా అడ్డంగా పరిచే పద్ధతికి గ్రాండ్ పియానోల్లో స్టైన్‌వే పేటెంటు తీసుకున్నది 1859లో, అంటే ఈ రచన పుట్టిన ఇరవై ఏళ్లకి. మెండెల్సన్ చేతి కింద ఉన్న పియానోల బాస్ పలచన, నాదం త్వరగా ఆరిపోయేది. అదే కాగితాన్ని నేటి గ్రాండ్ మీద అలాగే వాయిస్తే ఎడమచెయ్యి చెల్లోని మింగేస్తుంది. చెల్లో పాడే స్థాయీ, పియానో ఎడమచెయ్యి కదిలే స్థాయీ చాలాచోట్ల ఒకటే.

పియానిస్టుతో "కాస్త తగ్గించండి" అంటే ఫలితం ఉండదు. అంతా కలిపి తగ్గుతుంది, కుడిచేతి మెరుపు పోతుంది, బాస్ మోత మాత్రం మిగులుతుంది. తగ్గించడానికి ఒక వరస ఉంది. మొదట పెడల్: బార్ పొడుగునా తొక్కి ఉంచకుండా బాస్ స్వరం దగ్గర మాత్రమే సగం లోతు వరకు. తర్వాత ఎడమచేతి కింది స్వరాలు. ఆ తర్వాత రెండు చేతుల బొటనవేళ్లు, ఎందుకంటే కార్డుల నడుమ స్వరాలు ఎక్కువగా అవే మోస్తాయి. కుడిచేతి పైస్వరం చిట్టచివర, వీలైతే అసలు తగ్గించకూడదు. ఈ వరసలో చేస్తే సాధారణంగా రెండో మెట్టు దగ్గరే చెల్లో బయటికొస్తుంది. ఎడమ పెడల్‌ని శబ్దం తగ్గించడానికి వాడకండి. అది నాదం రంగే మార్చేస్తుంది, రంగు మారాల్సిన చోటికి దాచుకోవాలి.

మూత విషయంలో మా నిర్ణయం: పెద్ద కర్ర మీద పూర్తిగా తెరవడమే. మూత దించితే ముందు పోయేది పైస్థాయి స్పష్టత. బాస్ మూతని లెక్కచేయకుండా అన్ని వైపులా పాకుతుంది. చిన్న గది అయితే మూత దించే బదులు పియానో కింద మందపాటి తివాచీ పరవండి. అప్‌రైట్ పియానో అయితే వెనక పలకని గోడకి ఆనించకుండా కొంత ఎడంగా జరిపి, ఆ సందులో ఒక దుప్పటి వేలాడదీస్తే బాస్ మోత తగ్గుతుంది.

బలాబలాలు వాయించేవాళ్లకి తెలియవు. పియానిస్టుకి చెల్లో ఎప్పుడూ తక్కువగానే వినిపిస్తుంది, చెల్లిస్టుకి పియానో ఎప్పుడూ ఎక్కువే. ఫోన్‌ని పియానో మీద పెట్టి రికార్డు చేస్తే లాభం లేదు. మూడు నాలుగు మీటర్ల దూరంలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో పెట్టి రికార్డు చేసి, దాన్నే నమ్మాలి.

మొదటి భాగం

మోల్తో అల్లెగ్రో ఎద్ అజితాతో (చాలా వేగంగా, ఆందోళనగా), 3/4. రాతలో బార్‌కి మూడు బీట్లు, నడకలో మాత్రం బార్ మొత్తం ఒకటే బీట్. మెట్రోనోమ్‌ని (లయకి క్లిక్ కొట్టే పరికరాన్ని) బార్‌కి ఒకటిగా నిమిషానికి 48 దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు 66 దగ్గర నిలిపాం. బార్‌కి మూడు లెక్కపెడుతూ సాధన చేస్తే ప్రతి బీట్ మీదా ఒక ఒత్తు పడుతుంది, థీమ్ కుంటుతుంది. 60 దాటాక క్లిక్‌ని రెండు బార్లకి ఒకటి, తర్వాత నాలుగు బార్లకి ఒకటి చేయాలి. ఎవరు తోస్తున్నారో, ఎవరు లాగుతున్నారో అప్పుడు బయటపడుతుంది.

ఎత్తుగడ దగ్గర ఎంత సేపు గడిపినా వృథా కాదు. చెల్లో మెత్తగా థీమ్ ఎత్తుకుంటుంది, కింద పియానో కార్డులు బీట్ల మీద కాకుండా బీట్ల నడుమ పడతాయి. ఆందోళన అంతా ఆ కార్డుల్లోనే ఉంది. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: పియానిస్టు చెల్లో కోసం ఆగుతారు, చెల్లిస్టు కార్డు విని స్వరం మారుస్తారు, ఇద్దరూ మర్యాదగా ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ పది బార్లు తిరిగేసరికి వేగం పడిపోతుంది. మందు ఇది. మొదట పియానిస్టు అవే కార్డుల్ని బీట్ల మీద వాయించాలి, చెల్లో మామూలుగా. నడక కుదిరాక చెల్లో ఆపకుండా ఉండగానే పియానిస్టు కార్డుల్ని వాటి అసలు చోటికి జరపాలి. తర్వాత చెల్లో నోరు మూసుకుని, పియానో ఒక్కటే కార్డులు వాయిస్తుంటే చెల్లిస్టు థీమ్ మనసులో పాడుకుంటూ ఎనిమిదో బార్ తర్వాత సరిగ్గా అందుకోవాలి. ఇది కుదిరితే ఎత్తుగడ కుదిరినట్టే. కాలం చెల్లోది, పియానోది కాదు. కార్డులు వినిపించాలి కానీ లెక్క చెప్పకూడదు.

చెల్లిస్టుకి ఇంకో మాట: మొదటి బార్‌లోనే బో అంతా ఖర్చు చేస్తే వాక్యం చివర గొంతు నొక్కినట్టవుతుంది. బార్ల మీద పెన్సిల్‌తో సగం, పావు అని బో కొలత రాసుకోండి. బలం కావాలంటే బో వేగం కాదు, బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) వైపు పిసరు జరపడం.

రెండో థీమ్ ఏ మేజర్‌లో వస్తుంది, అదీ చెల్లోదే. అక్కడ వేగం సడలించాలనిపిస్తుంది. సడలించవద్దు. బో మీద కుడిచేతి ఒత్తు తగ్గితే చాలు, వినేవాళ్లకి విశ్రాంతిగానే తోస్తుంది.

మొదటి థీమ్ తిరిగి వచ్చినప్పుడు మెండెల్సన్ దాని పైన వయొలిన్‌కి కిందికి దిగే కొత్త గీత ఒకటి చేర్చారు. మొత్తం రచనలో మాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. వయొలిన్ పైస్థాయిలో ఉంది కాబట్టి తనకి తెలియకుండానే ప్రధానమైపోతుంది. కంపనం ఇరుకు చేసి, బోని ఫింగర్‌బోర్డు వైపు జరిపితే చెల్లో మీద నీడలా వాలుతుంది. ఈ చోటుని వయొలిన్, చెల్లో ఇద్దరే, పియానో లేకుండా సాధన చేయాలి. అష్టమాలు (ఒకే స్వరం రెండు స్థాయిల్లో) వచ్చినచోట కింది వాద్యం గట్టిగా, పై వాద్యం దానిలోకి ఒదిగేలా. వయొలిన్ తన ఏ తనకి సరిగ్గా ఉందని పట్టుబడితే అష్టమం ఎప్పటికీ కలవదు.

రెండో భాగం

ఆందాంతే కాన్ మోతో త్రాంక్విల్లో (నింపాదిగా, కదలికతో, ప్రశాంతంగా), బి ఫ్లాట్ మేజర్. పియానో ఒంటరిగా ఎనిమిది బార్ల పాట పాడుతుంది, తర్వాత అదే పాటని తీగలు అందుకుంటాయి. పియానిస్టు ఇక్కడ సొంత సౌఖ్యానికి స్వరాల్ని సాగదీస్తే, తర్వాత అదే సాగుదల వయొలిన్‌కి బో చాలక ఇబ్బంది. కాబట్టి ఆ ఎనిమిది బార్లు వయొలిన్ బో పొడుగుని బట్టి వాయించాలి. క్వార్టర్‌కి 66 నుంచి 70 మధ్య మాకు నప్పింది. తక్కువ వేగంలో కాన్ మోతో అన్న మాటకి అర్థం ఉండదు.

మూడో భాగం, స్కెర్జో

డి మేజర్, 6/8, లెజ్జేరో ఎ వివాచే (తేలిగ్గా, చురుగ్గా). కాలవ్యవధి చూస్తే అన్నిటికంటే చిన్నది, నాలుగు నిమిషాలు కూడా ఉండదు. పని మాత్రం అన్నిటికంటే ఎక్కువ అడిగింది.

మొదలుపెట్టేది పియానో. సైగ చేసేవాళ్లు లేరు, వేగం పియానిస్టు వేళ్లలో ముందే ఉండాలి. అందుకే మొదటి స్వరానికి ముందు పియానిస్టు థీమ్‌ని కాదు, ఈ భాగంలో తనకి అన్నిటికంటే కష్టమైన రెండు బార్లని మనసులో వాయించుకోవాలి. థీమ్‌ని బట్టి వేగం పట్టుకుంటే ఉత్సాహంలో 126 దాకా పోతుంది, ఒక పేజీ తిరిగేసరికి చేతులు బిగుసుకుంటాయి. మేం డాటెడ్ క్వార్టర్‌కి (ఇక్కడ సగం బార్‌కి) 104 దగ్గర చాలాకాలం ఉండి, ఇప్పుడు 116కి వచ్చాం. స్పష్టంగా ఉన్న 112, మసకగా ఉన్న 120 కంటే వేగంగా వినిపిస్తుంది.

తీగలవాళ్లకి స్పికాటో (బో తీగ మీద ఎగురుతూ వాయించడం). నెమ్మదిగా సాధన చేసేటప్పుడు బోని ఎగరేయకూడదు. తీగ మీదే, రెండు మూడు సెంటీమీటర్ల బోతో, ప్రతి స్వరం మొదలూ వినిపించేలా. 90 దాటాక బో మధ్యభాగానికి కొంచెం కిందుగా పెడితే కర్ర తనంతట తాను ఎగురుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ చోటు మధ్యకి జరుగుతుంది. చెల్లో బో బరువు, తీగలు లావు. కాబట్టి చెల్లోకి ఆ చోటు వయొలిన్‌తో పోలిస్తే ఇంకాస్త మడమ (బోని చేత్తో పట్టుకునే కొస) వైపు. ఇద్దరూ ఒకేచోట వాయించాలని చూస్తే ఒకరిది గరగర, ఇంకొకరిది గుసగుస. చెవి ఒకటవ్వాలి, చోటు కాదు.

పియానో పక్క: నేటి పియానోలో కీ పది మిల్లీమీటర్ల వరకు దిగుతుంది. ఈ వేగంలో ప్రతి కీనీ అట్టడుగుదాకా నొక్కితే ముంజేయి అలిసిపోతుంది. సుత్తి ఎగిరే చోటు అడుగుకంటే కాస్త పైనే ఉంటుంది. ఆ చోటు వేళ్లకి తెలిసేదాకా పెడల్ లేకుండా, పియానిసిమోలో (చాలా మెల్లని శబ్దంతో) సాధన. ఇది చదివితే ఒక్క వాక్యమే, చేతికి ఎక్కడానికి చాలా వారాల పని.

చివర మాయమైపోవాలి. ఆఖరి బార్లలో ఎవరూ వేగం తగ్గించకూడదు.

నాలుగో భాగం: ఇంకా మిగిలిన పని

అల్లెగ్రో అస్సాయ్ అప్పాసియోనాతో (చాలా వేగంగా, ఆవేశంగా). పియానోకి ఇక్కడ లేని విద్య లేదు: దగ్గర కార్డులు, పొడవాటి ఆర్పెజియోలు (స్వరాలు ఒకదాని తర్వాత ఒకటిగా విడదీసిన కార్డులు), క్రొమాటిక్ ఆక్టేవులు (సెమీటోన్ చొప్పున కదిలే అష్టమాలు). థీమ్‌లోని దీర్ఘం-హ్రస్వం-హ్రస్వం నడక భాగమంతా పరుగెడుతుంది. ఆ రెండు హ్రస్వాలూ తొందరపడి ముందుకి తూలడం ఇప్పుడున్న పెద్ద లోపం. తీగలవాళ్లు హ్రస్వాలకి బో ఎక్కువ వాడటం ఒక కారణం, పియానిస్టు దీర్ఘాన్ని పూర్తిగా పట్టి ఉంచకపోవడం ఇంకోటి. ముగ్గురూ వాద్యాలు పక్కన పెట్టి ఆ నడకని చేత్తో తట్టి, ఒక్కొక్కరు వరసగా తప్పుకుని మళ్లీ చేరడం మొదలుపెట్టాం. పని చేస్తోంది.

రెండో ఇబ్బంది అలసట. స్కెర్జో అయ్యాక పియానిస్టు ముంజేయి అప్పటికే వేడెక్కి ఉంటుంది. అందుకే సాధనని కొన్నిసార్లు ఫినాలేతోనే (ఈ నాలుగో భాగంతోనే) మొదలుపెట్టాలి, కొన్నిసార్లు స్కెర్జో తర్వాత విరామం లేకుండా వాయించాలి. రెండూ చేయకపోతే కచేరీలో ఏం జరుగుతుందో తెలియదు. ఆక్టేవుల చోట మణికట్టు ఎత్తు ప్రతి నాలుగు బార్లకీ మార్చుకునేలా పియానో ప్రతిలో గుర్తులు పెట్టాం.

మూడోది పేజీలు. పియానో ప్రతిలో మూడు వాద్యాలూ ఉంటాయి కాబట్టి పేజీలు త్వరత్వరగా తిప్పాలి, చెయ్యి ఖాళీ ఉండదు. టాబ్లెట్‌కి బ్లూటూత్ పెడల్ పెడితే, దాన్ని ఎడమ పెడల్‌కి కనీసం ఒక జానెడు ఎడంగా ఉంచి, సగం పేజీ చొప్పున తిరిగేలా అమర్చాలి. రెండుసార్లు తొక్కుడు పడినా సగం పేజీయే పోతుంది. తీగలవాళ్ల ప్రతుల్లో పియానో ఆనవాళ్లు తక్కువ. ఎక్కువ బార్లు ఖాళీ ఉన్నచోట కుడిచేతి గీతని రెండు బార్లు పెన్సిల్‌తో రాసుకోవాలి.

ముగింపుకి కొంచెం ముందు డి మైనర్ కాస్తా డి మేజర్ అవుతుంది. ఆ మలుపు దగ్గర ముగ్గురూ ఇప్పుడు చేరుకునే బలం ఎక్కువ, అక్కడి నుంచి చివరిదాకా పెంచడానికి ఏమీ మిగలడం లేదు. వచ్చే విడతలో ఆ మలుపుకి ముందు పేజీ మొత్తాన్ని ఒక మెట్టు తగ్గించి, ఎడమచేతి బాస్‌కి పెడల్ కొలత మళ్లీ రాసి, మేజర్ వచ్చిన మొదటి నాలుగు బార్లని మెత్సో ఫోర్తేలో (ఒక మోస్తరు బలంతో) ప్రయత్నించి రికార్డు వింటాం.