సొరోరిటీ రష్‌కి నేనెలా ప్రిపేర్ అయ్యానంటే... నా అనుభవం

పోయిన వారం మాకు బాగా తెలిసిన ఆంటీ ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టారు, "మా అమ్మాయి ఈ ఆగస్టులో కాలేజీకి వెళ్తోంది కదమ్మా, సొరోరిటీలో చేరతానని ఒకటే గొడవ, అసలు అదేంటి, మంచిదేనా, నువ్వు చేరావంట కదా కొంచెం చెప్పు" అని. నేను తిరిగి ఏడు వాయిస్ మెసేజ్‌లు పెట్టా, అయినా చెప్పాల్సింది సగం మిగిలిపోయింది. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా, ఆ అమ్మాయి కోసం, వాళ్ళమ్మ కోసం కూడా.

నేను ఆరో క్లాసు వరకు విజయవాడలో చదివి తర్వాత అమ్మానాన్నలతో టెక్సాస్ వచ్చా, ఫ్రిస్కోలో ఉంటాం. 2023లో ఇక్కడే ఒక పెద్ద పబ్లిక్ యూనివర్సిటీలో చేరా. వేల మంది చదివే చోటు, నా హైస్కూల్ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు గానీ నాతో కూర్చుని అన్నం తినేంత దగ్గరవాళ్ళు ఎవరూ లేరు. నేను రష్‌కి పేరు ఇవ్వడానికి అసలు కారణం అదే, ఇంకేం లేదు.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. సొరోరిటీ అంటే కాలేజీలో అమ్మాయిల సంఘం, పేర్లన్నీ గ్రీకు అక్షరాల్లో ఉంటాయి. దీని మూలం 1851లో జార్జియా రాష్ట్రం మేకన్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఉంది, ఇప్పుడు ఆల్ఫా డెల్టా పై అంటున్నది అక్కడ మొదలైందే. తర్వాత ఇలాంటివన్నీ కలిసి 1902లో నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అని పెట్టుకున్నాయి, నేను చేరేనాటికి అందులో 26 సంస్థలు. ఒక్కో కాలేజీలో వాటి శాఖని చాప్టర్ అంటారు, మేమంతా మామూలుగా హౌస్ అనేస్తాం. ఆగస్టులో క్లాసులు మొదలవ్వక ముందు వారం రోజులు అన్ని హౌసులూ తిరిగి మాట్లాడటమే రష్, పైకి మర్యాదగా రిక్రూట్‌మెంట్ అంటారు.

ఇంట్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట "ర్యాగింగ్ ఉంటుందా?" అని. అమ్మ ఇంజనీరింగ్ చదివేటప్పుడే, 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ మీద చట్టం వచ్చింది, అప్పటి హాస్టల్ సంగతులు అమ్మ ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్తుంది. ఇక్కడ దాన్ని హేజింగ్ అంటారు. రూల్ ప్రకారం నిషేధమే, కానీ అసలు జరగదని నేను అమ్మకి చెప్పలేదు, ఎందుకంటే అది అబద్ధం అవుతుంది. యూనివర్సిటీ సైట్‌లో హేజింగ్ కేసుల రిపోర్ట్ ఉంటే ఇద్దరం కలిసి కూర్చుని చదివాం, ఏ సంస్థ మీద ఏం చర్య తీసుకున్నారో చూసి అమ్మ కాగితం మీద రాసుకుంది. 2024 డిసెంబర్‌లో ఫెడరల్ చట్టం కూడా వచ్చింది, కాలేజీలు ఈ వివరాలు బయటపెట్టాల్సిందే. కాబట్టి ఆంటీ, ముందు అది చదవండి, డ్రెస్సులు తర్వాత చూసుకోవచ్చు.

డ్రెస్సుల గురించి ఎందుకంటున్నానంటే నా మొదటి నెల మొత్తం దాంట్లోనే పోయింది. 2021 ఆగస్టులో అలబామా యూనివర్సిటీ అమ్మాయిల రష్ వీడియోలు టిక్‌టాక్‌లో విపరీతంగా తిరిగాయి కదా, రోజూ ఏం వేసుకున్నారో తల నుంచి కాలి దాకా చెప్పేవాళ్ళు, అవన్నీ నేను హైస్కూల్లో ఉన్నప్పుడు చూసినవే, రష్ అంటే అదే అనుకున్నా. మే నెలలో రాత్రి రెండింటి దాకా కూర్చుని కార్ట్‌లో పెట్టడం, తీసేయడం, అమ్మకి చూపించడం, అమ్మ "మోకాలు దాకా అయినా ఉండాలి" అనడం, మళ్ళీ వెతకడం. చివరికి వేసుకున్నవి నాలుగే. మొదటి రౌండ్‌కి వాళ్ళిచ్చిన టీషర్ట్ మీద స్కర్ట్, ఫిలాంత్రపీ (సేవా కార్యక్రమాల) రౌండ్‌కి, సిస్టర్‌హుడ్ రౌండ్‌కి ఒక్కో కాటన్ డ్రెస్, ఆఖరి ప్రిఫరెన్స్ రౌండ్‌కి కొంచెం పెద్ద డ్రెస్. ఆ నెల మాటలు ప్రాక్టీస్ చేసుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మాటల విషయం నాకు తెలిసొచ్చింది అప్లికేషన్ దగ్గర. ఫొటో, మార్కులు, చేసిన పనులు, సర్వీసు వివరాలు ఇవన్నీ నింపాక ఒక చిన్న పరిచయం వీడియో కూడా పంపాలి. అమ్మ ఆ లిస్ట్ చూసి "ఫొటో, బయోడేటా, మాట్లాడించి చూడటం... పెళ్ళిచూపులే కదే ఇది" అంది. డైనింగ్ టేబుల్ మీద ఫోన్‌ని ఆవకాయ సీసాకి ఆనించి, వెనకాల గోడ ఖాళీగా కనపడేలా కుర్చీ జరుపుకుని, స్క్రిప్ట్ మొత్తం బట్టీ పట్టి మొదలుపెట్టా. నాన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. తొమ్మిదో టేక్ అయ్యాక మెల్లగా అన్నారు, "బంగారం, నువ్వు మాట్లాడుతున్నట్టు లేదురా, అప్పజెప్తున్నట్టుంది."

చాలా కోపం వచ్చింది. కానీ వీడియో వెనక్కి పెట్టి చూసుకుంటే నిజమే. చిన్నప్పుడు ట్యూషన్ టీచర్ ముందు చేతులు కట్టుకుని పద్యం అప్పజెప్పినట్టే, కళ్ళు కూడా పైకి పోతున్నాయి గుర్తు తెచ్చుకోడానికి. ఇంకో విషయం కూడా కనపడింది, నా పేరు నేనే తప్పు పలుకుతున్నా. నా పేరులో ళ ఉంది, స్కూల్లో అందరూ ల అనేవాళ్ళు, వాళ్ళకి ఈజీగా ఉంటుందని నేను కూడా ల అనేయడం అలవాటైపోయింది, ఇంట్లో ఒక పేరు బయట ఒక పేరు. ఆ రోజు స్క్రిప్ట్ పక్కన పడేసి, నా పేరు ళ తోనే చెప్పి, కూచిపూడి నేర్చుకున్న సంగతి చెప్పా, ఇత్తడి పళ్ళెం అంచు మీద కాళ్ళు పెట్టి తాళానికి జరుగుతూ ఆడే తరంగం మొదటిసారి ప్రాక్టీస్ చేసినప్పుడు అరికాళ్ళు ఎలా మండాయో చెప్పా. అదే ఫైనల్ వీడియో.

తర్వాత జూన్, జూలై రెండు నెలలూ రోజూ రాత్రి భోజనాలప్పుడు పది నిమిషాలు ప్రాక్టీస్. నాన్న ఒక నాలుగు నిమిషాలు మాట్లాడి లేస్తారు, ఆ కుర్చీలో అమ్మ కూర్చుని మొదట్నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. ఇలా ఎందుకంటే రష్‌లో నిజంగా అంతే, ఒక మెంబర్ మనతో మాట్లాడుతుండగా ఇంకో అమ్మాయి వచ్చి భుజం తట్టి ఆ చోటు తీసుకుంటుంది, దాన్ని బంప్ అంటారు. ఒక హౌస్‌లో ఉండే ఇరవై ముప్పై నిమిషాల్లో ముగ్గురు నలుగురితో మాట్లాడతాం, ఆ ముగ్గురు నలుగురే మన గురించి లోపల చెప్తారు. మాట్లాడకూడని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి, అబ్బాయిలు, మందు, రాజకీయాలు, మతం, డబ్బు. మనవాళ్ళు ఎవరినైనా కలిస్తే ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు అనే కదా మొదలుపెడతాం, నాన్నకి అది మానడం చాలా కష్టమైంది. ఈ పది నిమిషాల్లో నేను నేర్చుకున్నది జవాబులు కాదు, ఎదుటివాళ్ళు చెప్పిన దాంట్లోంచి ఇంకో ప్రశ్న అడగడం.

మాకు తెలిసిన ఒక అక్క హ్యూస్టన్‌లో చదివేటప్పుడు సౌత్ ఏషియన్ సొరోరిటీలో ఉండేది, తనకి ఫోన్ చేశా. చాలామంది మనవాళ్ళకి తెలియదు, ఇలాంటి వాటిలో పేరున్నవి మూడు టెక్సాస్‌లోనే పుట్టాయి. 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కప్పా ఫై గామా, అదే ఏడాది హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా, 1999లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో డెల్టా కప్పా డెల్టా. వీటికి ఈ ఆగస్టు రష్‌తో సంబంధం లేదు, సెమిస్టర్ మొదలయ్యాక విడిగా మీటింగులు పెట్టుకుంటాయి. నాన్నేమో "కమలా హారిస్ ఉన్నది కూడా ఇలాంటిదే కదా" అన్నారు. ఆవిడ చేరింది ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1908లో హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి అమ్మాయిలు పెట్టుకున్నది, అది ఉన్న సంఘాల కూటమి (కౌన్సిల్) వేరే, చేర్చుకునే పద్ధతి కూడా వేరే.

అక్క ఇంకోటి కూడా చదవమంది. 2013లో అలబామాలో విద్యార్థుల పేపర్ క్రిమ్సన్ వైట్ ఒక కథనం వేసింది, నల్లజాతి అమ్మాయిలని తీసుకుందామని కొన్ని సొరోరిటీల్లో స్టూడెంట్లే అనుకున్నా పాత మెంబర్లు అడ్డుపడ్డారని. అది బయటికొచ్చి గొడవయ్యాకే అక్కడ మార్పు మొదలైంది. 2013 అంటే నాకు ఎనిమిదేళ్ళు, అంత ఈమధ్య సంగతి. చదివాక రెండు రోజులు అసలు వెళ్ళాలా వద్దా అని ఆలోచించా. అక్క ఒకే మాట అంది, "వెళ్ళి నీ కళ్ళతో చూడు, నచ్చకపోతే ఏ రోజైనా మానేయొచ్చు, సంతకం పెట్టేదాకా ఎవరికీ నువ్వు బాకీ లేవు."

ఆ సంతకం గురించి పేరెంట్స్ అందరూ తెలుసుకోవాలి. ఆఖరి రౌండ్ అయిన వెంటనే, ఆ ఎమోషన్‌లో ఉండగానే, ఒక ఒప్పందం మీద సంతకం పెడతాం. అందులో మనం రాసిన హౌస్ నుంచి బిడ్, అంటే చేరమని పిలుపు, వచ్చాక వద్దనుకుంటే, ఆ క్యాంపస్‌లో ఏడాది పాటు ఆ 26 సంస్థల్లో ఇంకో దాంట్లో చేరడం కుదరదు. అది ముందే చదివి వెళ్ళాలి, అప్పటికప్పుడు అర్థం కాదు. డబ్బు కూడా ముందే. నాన్న హౌసుల ఫీజుల షీట్ తెప్పించుకుని ఎక్సెల్‌లో వేశారు, కొత్త మెంబర్ ఫీజు, నెల ఫీజు, భోజనం, టీషర్టులు, మీటింగ్ మానేస్తే ఫైన్. నాకు మొదటి సెమిస్టర్‌కే 2,600 డాలర్లు దాటింది. లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేసి సగం నేను కట్టుకుంటా అన్నాకే నాన్న సరే అన్నారు, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడ్డా.

ఇక ఆ వారం. మా క్యాంపస్‌లో 12 హౌసులు, మొదటి రెండు రోజుల్లో రోజుకి ఆరు. ఎండ 100 ఫారెన్‌హీట్ దాటి ఉంది, రోడ్డు మీద పేర్ల వరసలో నిలబెడతారు, చేతిలో బ్యాగ్, దాంట్లో నీళ్ళు, చిన్న ఫ్యాను, బ్యాండ్‌ఎయిడ్లు, ఫ్లాట్ చెప్పులు, బ్యాగ్ మాత్రం లోపలికి తీసుకెళ్ళనివ్వరు. తలుపు తీయగానే గుమ్మం నిండా ఒకరి మీద ఒకరు ఎక్కినట్టు అమ్మాయిలు, చప్పట్లు, పాట, గోడలు అదిరే సౌండు, ఎన్ని వీడియోలు చూసినా దానికి ప్రిపేర్ అవ్వలేం, గుండె దడదడలాడిపోయింది.

మూడో హౌస్‌లో ఒక అమ్మాయి నా నేమ్ ట్యాగ్ చూసి, "నువ్వు ఒకసారి చెప్పు, నేను సరిగ్గా అనాలి" అంది. నేను ళ ఎలా పలకాలో చూపించా, నాలుక కొన వెనక్కి మడిచి అంగిట్లో ఆనించి వదలమని. ఆ గోలలో తను నా మొహానికి దగ్గరగా వచ్చి నా నోరు చూస్తూ మూడుసార్లు ప్రయత్నించింది, నాలుగోసారి వచ్చేసింది, అచ్చంగా మా అమ్మమ్మ పిలిచినట్టు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు. ఆ రోజు రాత్రి దాన్ని నా లిస్ట్‌లో మొదట పెట్టుకున్నా.

ఈ లిస్ట్ సంగతి నాన్నకి ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక "ఎంసెట్ వెబ్ ఆప్షన్స్ లాగా నాన్నా" అన్నా, వెంటనే అర్థమైపోయింది. ప్రతి రౌండ్ తర్వాత మన ఆర్డర్ మనం పెడతాం, వాళ్ళ ఆర్డర్ వాళ్ళు పెడతారు, కంప్యూటర్ కలుపుతుంది, పొద్దున్నే ఎవరు పిలిచారో షీట్ వస్తుంది. తేడా ఏంటంటే ఇక్కడ మన ర్యాంకు ఎంతో, ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పరు.

రెండో రౌండ్‌కి 7 హౌసులు పిలిచాయి. అది సేవా కార్యక్రమాల రౌండ్, ఒక్కో సంస్థకీ ఒక్కో పని ఉంటుంది. డెల్టా గామా వాళ్ళది కంటిచూపు, కప్పా డెల్టా వాళ్ళది పిల్లల మీద హింస ఆపడం, సిగ్మా కప్పా వాళ్ళది అల్జీమర్స్. కంటిచూపు గురించి చెప్తుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చారు, శుక్లాల ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన రోజు గోడ మీద క్యాలెండర్‌లో తిథి తనే చదివి అందరికీ వినిపించారు, అది చెప్పా. ఒక్క ముక్క కూడా ప్రాక్టీస్ చేసింది కాదు. ఎదురుగా ఉన్న అమ్మాయి తన తాత గురించి చెప్పడం మొదలుపెట్టింది, బంప్ చేయడానికి వచ్చినామె పక్కనే నిలబడి వింటూ ఉండిపోయింది.

అన్ని చోట్లా అలా లేదు. ఒక హౌస్‌లో "మీ ఇంట్లో నీకు పెళ్ళి వాళ్ళే కుదురుస్తారా" అని అడిగారు, ఇంకో మూడింట్లో నాలాంటి రంగు అమ్మాయి ఒక్కరూ కనపడలేదు. వాటిని నా లిస్ట్‌లో నేనే కింద పెట్టా.

మూడో రౌండ్ పొద్దున షీట్ తీస్తే, నా పేరు నేర్చుకున్న అమ్మాయి హౌస్ లేదు. రెండుసార్లు కిందికీ పైకీ చూసా. డార్మ్ బాత్రూమ్‌లో కూర్చుని అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశా, అమ్మ ఏం సలహా ఇవ్వలేదు, "ఏమన్నా తిన్నావా" అని అడిగి లైన్‌లోనే ఉంది. మా గ్రూప్‌కి రో గామా అని ఒక సీనియర్ ఉంటుంది, ఆ కొన్నాళ్ళు తనది ఏ హౌసో బయటికి చెప్పకుండా మమ్మల్ని చూసుకుంటుంది, తను గ్రనోలా బార్ తెచ్చి చేతిలో పెట్టి, ఇంకా పిలిచినవి నాలుగు ఉన్నాయి, అవి ఒకసారి చూసుకో అంది. చూసుకున్నా, వెళ్ళా.

ప్రిఫరెన్స్‌కి రెండు మిగిలాయి. గది చీకటి చేసి కొవ్వొత్తులు, చాలా నెమ్మదిగా మాట్లాడతారు, బంప్ ఉండదు. రెండో హౌస్‌లో నాతో కూర్చున్నామె ఫస్టియర్లో తను ఎంత ఒంటరిగా ఉండేదో, కేఫెటీరియాలో ఫోన్ చూసుకుంటూ తినేదాన్నని చెప్పింది. నేను వచ్చింది కూడా అందుకే అని చెప్పా. సంతకం పెట్టేటప్పుడు మాత్రం మొదటి హౌస్‌నే పైన రాసా, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, బహుశా పేరు పెద్దదని. బిడ్ డే రోజు కవర్ తెరిస్తే రెండోది వచ్చింది. ఒక్క క్షణం ఏమీ అనిపించలేదు, అందరూ అరుస్తూ పరిగెడుతుంటే నేనూ పరిగెత్తా, లాన్‌లో కొవ్వొత్తి రోజు అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి గట్టిగా పట్టేసుకుంది. ఇప్పుడు తనూ నేనూ ఒకే అపార్ట్‌మెంట్, ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకోవడం దానికి నేనే నేర్పా.

ఆంటీ వాళ్ళమ్మాయి అప్లికేషన్ ఇంకా సగంలోనే ఉంది, వీడియో తీయలేదంట. ఈ శనివారం మా ఇంటికి రమ్మన్నా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి తను చూసుకుంటానన్నారు నాన్న.