మిడిల్ వాచ్ నేర్పిన పాఠం: వాచ్‌కీపింగ్ టికెట్‌తో నా అనుభవం

నేవీలో కెప్టెన్ హోదాలో రిటైరయ్యాను. కలిసిన కుర్రాళ్లంతా అడిగేది ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ గురించే. అది గట్టెక్కితే చాలనుకుంటారు. నాకు అసలు పరీక్ష ఓడ ఎక్కాక ఎదురైంది. అదే బ్రిడ్జ్ వాచ్‌కీపింగ్ సర్టిఫికెట్, మా మాటల్లో టికెట్. బ్రిడ్జ్ అంటే ఓడను నడిపించే చోటు, వాచ్ అంటే అక్కడ వంతులవారీగా చేసే డ్యూటీ. టికెట్ చేతికొస్తేనే నడిసముద్రంలో ఓడను మీ ఒక్కరికి అప్పగిస్తారు.

ముందు చదువు. ఓడలు గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనలు పొల్లుపోకుండా అప్పజెప్పాలి. ఒకదానిపై ఒకటి రెండు ఎర్ర దీపాలు కనిపిస్తే ఆ ఓడ అదుపులో లేదని అర్థం. కుడివైపు నుంచి మరో ఓడ అడ్డంగా వస్తుంటే దారివ్వాల్సింది మనమే. ఇదంతా బట్టీ పట్టేయొచ్చు. టెన్షన్ అంతా రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండే మిడిల్ వాచ్‌లోనే.

కళ్లు చీకటికి అలవాటు పడాలని కాస్త ముందే బ్రిడ్జ్ మీదికి వెళ్లేవాణ్ని. చార్టు (సముద్రపు మ్యాప్) మీద చిన్న ఎర్ర లైటు తప్ప వెలుతురుండదు. దూరాన దీపం కనబడగానే కంపాస్‌తో బేరింగ్, అంటే అది ఏ దిశలో ఉందో, తీయాలి, కాసేపాగి మళ్లీ తీయాలి. దూరం తగ్గుతున్నా బేరింగ్ మారలేదంటే ప్రమాదం ముంచుకొస్తున్నట్టే.

విశాఖ తీరంలో పెద్ద ఓడలకన్నా మన జాలర్ల పడవలే ఎక్కువ పరీక్ష పెడతాయి. చిన్న పడవ అలల మధ్య రాడార్‌లో సరిగా పడదు. ఓ రాత్రి సరిగ్గా మా ఎదురుగా టార్చిలైటు అటూఇటూ ఊగింది. వల వేసి ఉంది, తప్పుకోండని సైగ. వెంటనే ఓడను కుడికి తిప్పించి, కెప్టెన్ గారికి ఫోన్ చేశాను. వల ఎటువైపు ఉందని అడిగారు, చెప్పాను. సరేనని పెట్టేశారు, పైకి రాలేదు. నన్ను నమ్మారని అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు టికెట్ కోసం జరిగిన ఓరల్ బోర్డులో, అంటే మౌఖిక పరీక్షలో, ప్రశ్నలు గట్టిగానే పడ్డాయి గానీ భయం వేయలేదు.

తర్వాత చాలా ఏళ్లకు నేనే ఓడకు కమాండింగ్ ఆఫీసర్‌నయ్యాను. రోజూ పడుకోబోయే ముందు రాత్రి వాచ్ వాళ్లకు సూచనలు రాసే నైట్ ఆర్డర్ బుక్‌లో, సందేహం వస్తే నన్ను లేపండని రాసేవాణ్ని. రాత్రిళ్లు పదేపదే లేపిన సబ్ లెఫ్టినెంట్ల (జూనియర్ ఆఫీసర్ల) టికెట్ల మీద ధైర్యంగా సంతకం పెట్టాను. ఒక్కసారీ లేపని వాళ్లను మాత్రం ఇంకొన్నాళ్లు వాచ్‌లో గమనించాకే పెట్టాను.