గోడ మీది గ్రీన్‌లాండ్, గ్లోబు మీది దారం

మా అమ్మాయి చదువుకునే బల్లకు ఎదురుగా గోడకు ఒక ప్రపంచ పటం వేలాడుతూ ఉంటుంది. మొన్న ఆదివారం ఆ పటం ముందు నిలబడి, "నాన్నా, గ్రీన్‌లాండ్ మన దేశం కంటే ఎన్ని రెట్లు పెద్దది?" అని అడిగింది. మన దేశ వైశాల్యం దాదాపు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్‌ది 21.66 లక్షలే. పటంలో మాత్రం అది ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది; నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు, కళ్లకు కనబడినదే అడిగింది.

కొబ్బరికాయకు కాగితం చుట్టి చూడండి; ఎంత నేర్పుగా చుట్టినా ముడతలు పడక మానవు. గుండ్రని తలాన్ని ఎక్కడా సాగకుండా, చిరగకుండా చదునుగా పరచడం ఏ పద్ధతిలోనూ వీలుపడదని జర్మన్ గణితవేత్త గాస్ 1827లో సమర్పించిన సిద్ధాంతం తేల్చింది. అందుచేత ఆకారం, వైశాల్యం, దూరం, దిశ అనేవాటిలో దేన్ని నిలుపుకోవాలో, దేన్ని వదులుకోవాలో పటం గీసేవారు ముందుగానే తేల్చుకోవలసి ఉంటుంది.

1569లో పటాల రూపకర్త గెరార్డస్ మెర్కేటర్ నావికుల పక్షాన తేల్చుకున్నాడు; మా గోడ మీది పటం ఆయన పద్ధతిలోనిదే. గోళం మీద ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడే రేఖాంశాలను ఆయన సమాంతరంగా నిలబెట్టాడు కనుక, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర తూర్పు పడమరల కొలత రెట్టింపవుతుంది. ఆకారం చెడకుండా ఉత్తర దక్షిణాలను కూడా అంతే సాగదీయడంతో అక్కడ వైశాల్యం 4 రెట్లవుతుంది. హైదరాబాద్ అక్షాంశం దగ్గర పొడవులో ఈ సాగుదల 5 శాతం లోపే. దీనికి ప్రతిఫలంగా, దిక్సూచి చూపే ఒకే కోణంలో సాగే ఓడ దారి పటం మీద సరళరేఖ అయింది. స్కేలు పెట్టి గీత గీసి, కోణం కొలుచుకొని ప్రయాణించే వీలు నడిసముద్రంలో ఉన్నవాడికి ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో తలచుకుంటే నాకు మెర్కేటర్ మీద గౌరవమే కలుగుతుంది. అయితే దేశాల పరిమాణం నేర్చుకోవలసిన పిల్లల ముందు వేలాడదీయవలసిన పటం అది కాదు. వైశాల్యాలు సరిగా చూపేందుకు 2018లో రూపొందించిన ఈక్వల్ ఎర్త్ వంటివి అందుకు తగినవి. వాటిలో అంచుల దగ్గర ఆకారాలు కొంత వంగుతాయి, అంతే.

ఆ సరళరేఖ దగ్గరి దారి కూడా కాదు. మా చెల్లెలు చికాగోలో ఉంటుంది. హైదరాబాద్ నుంచి అక్కడికి గోడ పటం మీద స్కేలు పెడితే గీత అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా పోయింది. ఆ దారి పొడవు రమారమి 16,100 కిలోమీటర్లు. తరువాత గ్లోబు దించి, రెండు ఊళ్ల మధ్య కుట్టుదారం బిగించి పట్టుకోమన్నాను. దారం తనంతట తానే పైకి జరిగి పంజాబ్, కజకస్థాన్, రష్యాలను దాటి ఉత్తర ధ్రువ సముద్రం మీదకు చేరింది. ఈ దారి దాదాపు 13,300 కిలోమీటర్లే.

"నాన్నా, అత్త వాళ్ల ఊరికి గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్తోంది!" అంది. నిజమే, దారం సరిగ్గా దాని ఉత్తర భాగం మీదే ఆనింది. పిల్ల దారం వదలకుండా రెండో అరచేతిని గ్రీన్‌లాండ్ మీద పెట్టి మొత్తం కప్పేసింది. తరువాత అదే చేతిని మన దేశం మీద పెట్టి చూసింది. వేళ్ల సందుల్లోంచి ఇంకా కొంత దేశం కనిపిస్తూనే ఉంది.