లిలీ ఎల్సీ ఫొటోలు చూశాక

ఈమధ్య ఒకప్పటి ఇంగ్లిష్ స్టేజీ నటి లిలీ ఎల్సీ పాత పోస్ట్‌కార్డు ఫొటోలు చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. ఈకలు కుట్టిన పే..ద్ద టోపీ, దాని కింద కాస్త దిగులున్న కళ్లు.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ దగ్గర పుట్టి, చిన్నప్పుడే 'లిటిల్ ఎల్సీ'గా స్టేజీ ఎక్కింది. 'ది మెర్రీ విడో' అనే సంగీత నాటకంలో నాయిక వేషం ఇస్తామంటే తన గొంతు సరిపోదని వెనకాడింది. నిర్మాత జార్జ్ ఎడ్వర్డ్స్ పట్టు వదల్లేదు. 1907 జూన్‌లో లండన్ డేలీస్ థియేటర్లో మొదలైన ఆ నాటకం ఏకంగా 778 ప్రదర్శనలు ఆడింది! డిజైనర్ లూసీల్ ఆవిడకి బట్టలే కాదు, నడక, నిలబడే తీరు కూడా దగ్గరుండి నేర్పింది. ఆ టోపీ అయితే అప్పట్లో పెద్ద ఫ్యాషన్.

ఇంత పేరొచ్చినా బిడియం పోలేదు. 1911లో పెళ్లి, అదీ సుఖపడలేదు, 1930లో విడాకులు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అనారోగ్యం. 1962లో చనిపోయింది.

ఆవిడ గురించి రాసేవాళ్లు ఎక్కువగా అందం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం, అంత టెన్షన్‌తోనూ రోజూ స్టేజీ మీదకి వెళ్లి నిలబడిన ఆ ధైర్యం గురించి ఇంకా చదవాలనుంది.