కొత్త పీసీ బిల్డ్ లాగ్: పవర్ సప్లై తేలింది

మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఖరారైపోయాయి. కేస్ కూడా చేతికొచ్చింది. ఇక తేలాల్సింది పవర్ సప్లై, అంటే గోడ ప్లగ్ కరెంటుని పీసీ భాగాలకు కావాల్సిన వోల్టులకు మార్చి ఇచ్చే పెట్టె. బడ్జెట్ అంతా అయ్యాక మిగిలిన డబ్బుతో దీన్ని కొనేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీని మీదే పెట్టాను. ర్యామ్ పాడైతే ర్యామ్ ఒక్కటే పోతుంది. నాసిరకం పవర్ సప్లై మాత్రం పోతూ పోతూ బోర్డునీ డ్రైవ్‌లనీ వెంట తీసుకుపోగలదు.

ముందు లెక్క

నా ప్రాసెసర్ రైజెన్ 5 7600కి 65 వాట్ల టీడీపీ (కూలర్ తీసేయాల్సిన వేడి లెక్క) అని రాసి ఉంటుంది. కానీ సాకెట్ నుంచి అది తీసుకోగల పరిమితి 88 వాట్లు, అందుకే లెక్కలో 88 వేశాను. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070కి 200. బోర్డు, ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు, ఫ్యాన్లు కలిపి ఓ 60. మొత్తం 350 దగ్గర తేలింది.

మరి 450 వాట్లది చాలదా అంటే, సగటు చూస్తే చాలుతుంది. అయితే గ్రాఫిక్స్ కార్డు సగటున 200 వాట్లు తీసుకుంటున్నా, మధ్యమధ్యలో కొన్ని మైక్రోసెకన్ల పాటు అంతకు బాగా పైకి ఎగబాకుతుంది. ఆ కుదుపుకి పవర్ సప్లైలోని ప్రొటెక్షన్ సర్క్యూట్ ట్రిప్ అయితే, గేమ్ మధ్యలో సిస్టమ్ టక్కున ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లై ప్రామాణికం ఈ సమస్య కోసమే ఒక షరతు పెట్టింది: 12 వోల్టుల కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న పెద్ద యూనిట్లు తమ రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. నా కార్డుకి ఒక్క 8 పిన్నుల కనెక్టరే. అందులో 150 వాట్లు, స్లాట్ నుంచి 75, కాబట్టి 200కి సరిపోతుంది. ఆ కొత్త కనెక్టర్ నాకిప్పుడు అక్కర్లేదు గానీ, ఆ షరతు దాటిన యూనిట్ కావాలనుకున్నాను.

ఈ కార్డుకి ఎన్విడియా చెప్పేది 650 వాట్లు. అందుకే 650, 750 మధ్యే వెతికాను. 1000 వాట్ల వైపు పోలేదు. ఖాళీగా ఉన్నప్పుడు నా సిస్టమ్ తీసుకునేది 50, 60 వాట్లు. అంత పెద్ద యూనిట్‌కి అది 5, 6 శాతం లోడ్, అక్కడ ఎఫిషియెన్సీ, అంటే గోడ నుంచి తీసుకున్నదాంట్లో పీసీకి చేరే వంతు, బాగా పడిపోతుంది.

లేబుల్ చదవడం

ఇంట్లో పేరూ ఊరూ లేని పాత యూనిట్ ఒకటి పడి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూస్తే 22 ఆంప్స్. 12ని 22తో గుణిస్తే 264 వాట్లు. ఇప్పటి సిస్టమ్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది 12 వోల్టుల మీదే. మిగతా అంకె 3.3, 5 వోల్టుల లైన్లని కలిపి పెంచి చూపించింది. మంచి 750 వాట్ల యూనిట్‌లో ఇదే గడిలో 62 ఆంప్స్ ఉంటుంది, అంటే 744 వాట్లు. దుకాణంలో నిలబడి చూడాల్సింది ముందు ఈ గడే.

తర్వాత 80 ప్లస్ బ్యాడ్జీ, అంటే ఎఫిషియెన్సీకి ఇచ్చే సర్టిఫికెట్. గోల్డ్ అంటే 115 వోల్టుల పరీక్షలో 20, 50, 100 శాతం లోడ్ దగ్గర కనీసం 87, 90, 87 శాతం ఎఫిషియెన్సీ. అది చెప్పేది అంతవరకే. రిపుల్ (వోల్టేజ్‌లో సన్నని ఒడుదొడుకులు) ఎంత, కరెంటు పోయిన క్షణంలో ఎంతసేపు నిలబడుతుంది, షార్ట్ అయితే ఆగుతుందా అన్నవి ఆ బ్యాడ్జీలో లేవు. గోల్డ్ కదా అని కళ్లు మూసుకుని కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి ల్యాబ్ రిపోర్టులు చదివాను. పవర్ సప్లైలని పరీక్షించే సైబెనెటిక్స్ లాంటి చోట చాలా మోడళ్లకి కొలతలు దొరుకుతాయి. నేను చూసుకున్నవి ఇవి. 12 వోల్టుల మీద రిపుల్‌కి ఏటీఎక్స్ పరిమితి 120 మిల్లీవోల్టులు; పూర్తి లోడ్‌లో అందులో సగం కూడా దాటనివాటినే ఉంచుకున్నాను. హోల్డ్ అప్ టైమ్, అంటే కరెంటు పోయాక నిలబడే సమయం, 80 శాతం లోడ్‌లో 17 మిల్లీసెకన్లు ఉండాలి. వోల్టేజ్ ఎక్కువైనా తక్కువైనా, కరెంటు మితిమీరినా, షార్ట్ అయినా, వేడెక్కినా ఆగే ప్రొటెక్షన్లన్నీ నిజంగా పనిచేసినట్టు పరీక్షలో తేలాలి. లోపల విద్యుత్తుని నిల్వ ఉంచే కెపాసిటర్లు 105 డిగ్రీల రేటింగ్‌వి కావాలి. 10 డిగ్రీల వేడి తగ్గితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, అందుకే 85 డిగ్రీలవాటికీ వీటికీ అంత తేడా.

బ్రాండ్ పేరు ఒకటి, లోపల తయారుచేసింది ఇంకొకరు అన్నది ఇక్కడ మామూలే. సూపర్ ఫ్లవర్, సీడబ్ల్యూటీ, ఎఫ్ఎస్‌పీ లాంటివాళ్లు చాలా బ్రాండ్లకు చేసిపెడతారు. ఒకే బ్రాండ్‌లో ఒక సిరీస్ బ్రహ్మాండంగా, ఇంకోటి చప్పగా ఉండొచ్చు. మోడల్ పేరు పూర్తిగా రాసుకుని వెతకాలి.

చివరికి తీసుకున్నది సీసోనిక్ ఫోకస్ జీఎక్స్ 750, ఏటీఎక్స్ 3.0 వెర్షన్. పదేళ్ల వారంటీ, పొడవు 140 మిల్లీమీటర్లు. నా కేస్‌లో డ్రైవ్ కేజ్ తీయకుండానే కూర్చుంది.

బోర్డుకి తగిలించకముందు

ఒక కేస్ ఫ్యాన్ లోడ్‌గా పెట్టి, 24 పిన్నుల కనెక్టర్‌లో 16, 17 పిన్నుల్ని చిన్న వైరుతో కలిపి ఆన్ చేశాను. కేబుళ్లన్నీ నల్లగానే ఉన్నాయి, రంగు చూసి పోల్చుకునే వీలు లేదు, పిన్నులు లెక్కపెట్టాల్సిందే. మల్టీమీటర్‌లో 12.10, 5.04, 3.33 వోల్టులు వచ్చాయి. 5 శాతం అటూఇటూ ఉండొచ్చు, అంటే 12 వోల్టులకి 11.4 నుంచి 12.6 దాకా. మల్టీమీటర్‌లో రిపుల్ కనపడదు, దానికి ఆసిలోస్కోప్ కావాలి.

మాడ్యులర్ కేబుళ్ల (యూనిట్ నుంచి విడదీయగలిగేవి) గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ప్రామాణికం లేదు. ప్లగ్ సరిగ్గా దూరినా, వేరే యూనిట్ కేబుల్ పెడితే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి ఎస్ఎస్‌డీ అక్కడికక్కడే కాలిపోవచ్చు. మిగిలిన కేబుళ్లని సంచిలో వేసి, మోడల్ పేరు రాసి కట్టేశాను.

యూనిట్ మూత మాత్రం ఎప్పుడూ తీయొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటాయి.

లోడ్ పెట్టి చూశాక

ప్రాసెసర్, కార్డు రెండింటికీ ఒకేసారి స్ట్రెస్ టెస్ట్ పెడితే గోడ దగ్గరి మీటర్ 385 వాట్లు చూపించింది. గేమ్‌లో 300 చుట్టుపక్కల, ఖాళీగా 62. ఫుల్ లోడ్‌లో 12 వోల్టులు 12.02 దగ్గర నిలకడగా ఉంది. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆపేసే బటన్ వెనక ఉంది, ఫ్యాన్ ఆగకుండా నేను ఆ బటన్ ఆఫ్ చేశాను. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటే కెపాసిటర్లు చల్లగా ఉంటాయి, ఆ చప్పుడు వినిపించదు కూడా.

ఎర్తింగ్ కూడా టెస్టర్‌తో చూశాను. ఎర్త్ లేని ప్లగ్ పాయింట్‌లో, పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కేస్ మీద సప్లై వోల్టేజ్‌లో సగం దాకా కనిపించొచ్చు. ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది. అలా ఉంటే పీసీని అనుమానించకుండా ముందు వైరింగ్ బాగుచేయించాలి.

ఇక మిగిలింది యూపీఎస్. యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి కరెంటుని సాఫీగా తీసుకునే సర్క్యూట్) ఉన్న యూనిట్లు కొన్ని, నకిలీ సైన్ వేవ్, అంటే మెయిన్స్‌లోని నున్నని అలకు బదులు మెట్లుమెట్లుగా ఉండే అల ఇచ్చే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారగానే ఆగిపోతాయి. అందుకని ప్యూర్ సైన్ వేవ్‌దే చూస్తున్నాను. అది వచ్చాక గేమ్ నడుస్తుండగా మెయిన్స్ ఆపి చూసి, ఆ ఫలితం ఇక్కడే రాస్తాను.