వీసా రొట్టె బాకీ

ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నెల్లూరు ఎంతసేపు? సింగరాయకొండ దాటాక ఓ కునుకు తీస్తే కావలి వచ్చేస్తుంది. అయినా ఈ ప్రయాణాన్ని పన్నెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో తెల్లవారుజామున అమ్మ కాల్చిన చపాతీలు, బెల్లం.

2012లో నేను కరాటేలో ఇండియా టీముకు సెలక్ట్ అయ్యాను. 55 కిలోల లోపు కుమితే, అంటే ఎదురెదురుగా తలపడే పోటీ. సెలక్ట్ అయితే చాలు, టికెట్ చేతిలో పెట్టి పంపిస్తారని ఊళ్ళో అందరూ అనుకున్నారు. టికెట్, వీసా ఫీజు, హోటల్, చివరికి బ్లేజర్ డబ్బులు కూడా మావే. గ్లవ్స్, షిన్‌గార్డులు, బెల్టు అన్నీ రెండేసి కొనాలి. డ్రాలో ‘అకా’ వస్తే ఎర్రవి, ‘అవో’ వస్తే నీలంవి. ఆ ఏడాది నాన్న పొగాకు డబ్బులు ఇంటి గడప తొక్కకుండానే ట్రావెల్ ఏజెంటు దగ్గరికి పోయాయి.

డబ్బు సర్దుకున్నా వీసా రాలేదు. ఆ టెన్షన్‌లో మొహర్రానికి అమ్మ నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్ళింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి వీసా రొట్టె పట్టుకొచ్చింది. మా ఇంట్లో దర్గాకు వెళ్ళిన మొదటి మనిషి అమ్మే. ఫ్లయిట్ రేపనగా పాస్‌పోర్టు చేతికొచ్చింది.

అప్పట్లో ఆడవాళ్ళ బౌట్ రెండు నిమిషాలు. నాది అంతసేపూ ఆడినట్టే ఉండదు. ఎదుటి అమ్మాయి కిక్ నాకు తగిలిందో లేదో కూడా తెలియలేదు. చెవి పక్కన గాలి ఆగినట్టనిపించింది, చూస్తే మూలల్లో జడ్జీల జెండాలు లేచి ఉన్నాయి. తలకు కిక్ అంటే మూడు పాయింట్లు. గట్టిగా కొట్టడం ఎవరికైనా వస్తుంది. అంత వేగంతో వచ్చి చర్మం దగ్గర ఆపడానికే ఏళ్ళు పడుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టు 7న, సౌదీ కుర్రాడు హమీదీ ఫైనల్లో 4-1 ఆధిక్యంలో ఉండి కూడా కిక్ ఆపుకోలేకపోయాడు. ఇరాన్‌కు చెందిన గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, బంగారు పతకం మాత్రం పడిపోయినవాడికే వెళ్ళింది. టీవీ ముందు మా ఆయన “ఇదేం న్యాయం?” అన్నాడు. నాకైతే న్యాయంగానే ఉంది. తర్వాత పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే అసలు లేనే లేదు. అది వేరే బాధ.

ఓడిపోయాక ఏడుస్తూ కూర్చోవడానికి కూడా లేదు. నన్ను ఓడించిన అమ్మాయి ఫైనల్‌కు వెళ్తే నాకు రెపచేజ్‌లో ఇంకో అవకాశం. అందుకని ఐస్ ముక్క చెంపకు అదుముకుని ఆ అమ్మాయి ప్రతి బౌట్‌కూ గొంతు పోయేలా అరిచాను. వాళ్ళ కోచ్ నన్ను వింతగా చూశాడు. ఆమె ఫైనల్‌కు వెళ్ళింది. నన్ను మళ్ళీ పిలిచారు. చివరి సెకన్లలో ఒకే ఒక్క పంచ్‌తో మళ్ళీ ఓడాను. ఇదంతా ఒంగోల్లో ఎవరికి చెప్పను? “ఎన్నో రౌండు?” అని అడిగితే “మొదటి రౌండే” అనేదాన్ని.

కోరిక తీరితే మరుసటి ఏడు అదే రొట్టె తీసుకెళ్ళి అడిగినవాళ్ళకు ఇవ్వాలి. అమ్మ పోరింది. “ఏం తీరిందని?” అని మొండికేశాను. “వెళ్ళడానికి కదే రొట్టె పట్టింది, గెలవడానికి కాదుగా” అనేది అమ్మ. ఇంకో రెండేళ్ళు ఆడాక మోకాలు పోయింది. ఇప్పుడు ఓ స్కూల్లో పీఈటీని. మోకాళ్ళ నొప్పులు అమ్మకు కూడా వచ్చాయి, తను వెళ్ళలేనని తేలాక నన్ను తోలింది.

పడుగుపాడు దాటి రైలు పెన్న మీదకు రాగానే అందరూ బ్యాగులు దించుకోవడం మొదలుపెట్టారు. ఆటోలను దర్గాకు చాలా దూరంలోనే ఆపేశారు. మిగతాదంతా జనంలో నడక. చెరువు దగ్గర విద్య రొట్టె, పెళ్ళి రొట్టె, స్వగృహ రొట్టె అని బోర్డులు పెట్టారు. అయినా ఎవరూ బోర్డులు చూడటం లేదు, కేకలే.

తలమీద కొంగు కప్పుకుని నీళ్ళలో దిగి “వీసా రొట్టె” అని అరిచాను. నాలుగు చేతులు చాచారు. అందరికంటే ముందు ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒకామె.

“కువైట్ పోయొచ్చినావా అక్కా?”

“కాదమ్మా, కరాటే పోటీకి.”

“ఏందీ?”

మళ్ళీ చెప్పాను.

“మెడల్ వచ్చిందా?”

“లేదు.”

“పోనీలే, పోయొచ్చినావు గదా” అంటూ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. ఏజెంటుకు ఎంత కట్టిందో చెప్పింది. మా నాన్న కట్టినదానికంటే చాలా ఎక్కువ.

డబ్బా ఖాళీ అయ్యాక గట్టెక్కుతుంటే ఒక పెద్దాయన “ఆరోగ్యం రొట్టె, ఆరోగ్యం రొట్టె” అంటూ ఎదురొచ్చాడు. చెయ్యి చాచాను. సగం అక్కడే తిని, మిగతా సగం అమ్మ కోసం అదే డబ్బాలో పెట్టాను. ట్రంకు రోడ్డులో కారం దోసె తినేసరికి కళ్ళ వెంట నీళ్ళు. నీళ్ళు తాగుతుంటే అమ్మ ఫోన్.

“ఇచ్చేశావా?”

“ఇచ్చేశాను. ఇంకోటి పట్టాను.”

“మళ్ళీ బాకీ పెట్టావూ?” అంది.